గాలిని చక్రంలో బంధించిన పశువైద్యుడు – జాన్ బాయిడ్ డన్లప్



ఈ సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర రాయమని వార్డెన్ గారు చెప్పినప్పుడు మా గదిలోని మిత్రులంతా ఎవరికి నచ్చిన నాయకుణ్ణి వాళ్ళు ఎంచుకున్నారు. నేను మాత్రం ఒక పశువైద్యుణ్ణి ఎంచుకున్నాను. ఆయన పేరు మనందరికీ తెలుసు. సైకిలు షాపుల బోర్డుల మీద, పాత ట్రాక్టర్ టైర్ల మీద చూశాం. కానీ అది ఒక మనిషి పేరు అని నాకు మొన్నటి వేసవి సెలవుల దాకా తెలియదు. ఆయనే జాన్ బాయిడ్ డన్లప్.

ఈయన గురించి తెలుసుకోవాలనిపించడానికి ఒక కారణం ఉంది. మా నాన్న అప్పు చేసి ఒక పాత కారు కొని కిరాయికి తిప్పుతారు. పర్చూరు నుంచి చీరాల స్టేషనుకు, చిలకలూరిపేటకు, గుంటూరు ఆసుపత్రులకు మనుషుల్ని తీసుకెళ్తారు. ముందు చక్రాలకు కొత్త టైర్లు వేయించిన నాలుగు నెలలకే వాటి లోపలి అంచులు అరిగి దారాలు బయటపడ్డాయి. టైరు నాసిరకమని నాన్న కోపపడ్డారు. మా వీధిలోని పెద్ద మెకానిక్ ఒకాయన చక్రం దగ్గర కూర్చుని, చేత్తో తడిమి చూసి, తప్పు టైరుది కాదనీ, చక్రాలు వంకరగా నడుస్తున్నాయనీ చెప్పారు. టైర్లు వేయించిన రోజున అలైన్‌మెంట్‌కు అయ్యే కొద్ది వందలు మిగులుతాయని నాన్న అది చేయించలేదు. ఇప్పుడు మళ్ళీ రెండు టైర్లు కొనాలి. ఆ డబ్బు మా అక్క కాలేజీ ఫీజు కోసం దాచింది.

ఆ సాయంత్రం నుంచి టైరు అనే వస్తువు గురించి చదవడం మొదలుపెట్టాను. అలా డన్లప్ జీవితం దగ్గరకు వచ్చాను.

బాల్యం – చదువు

జాన్ బాయిడ్ డన్లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లండ్‌లోని డ్రెగ్‌హార్న్ అనే పల్లెటూరిలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. నెలలు నిండకుండానే పుట్టారు. అందువల్ల తన ఆరోగ్యం సున్నితమైనదనే భావన ఆయనకు జీవితాంతం ఉండేది. పొలం పనుల మధ్య, పశువుల మధ్య పెరిగిన ఆ అబ్బాయి ఎడిన్‌బరోలో పశువైద్యం చదివి 19 ఏళ్ళకే పట్టా పుచ్చుకున్నారు.

కొంతకాలం ఎడిన్‌బరోలోనే పనిచేసి 1867లో ఐర్లండ్ వెళ్ళారు. 1871లో మార్గరెట్ స్టీవెన్‌సన్‌ను వివాహం చేసుకున్నారు. వారికి ఒక కూతురు, ఒక కొడుకు. తర్వాత బెల్‌ఫాస్ట్ నగరంలో స్థిరపడి వైద్యశాల నడిపారు. కొన్నేళ్ళలో అది ఐర్లండ్‌లోనే పెద్ద పశువైద్యశాలల్లో ఒకటయింది.

ఆ రోజుల్లో నగరాలను నడిపింది గుర్రాలే. బరువులు లాగేవీ, మనుషులను మోసేవీ అవే. గుర్రం నాడా ఒక పక్కనే అరిగితే దాని నడకలో ఏదో లోపం ఉందని పశువైద్యులు గుర్తిస్తారు. అరుగుదలను చూసి జబ్బును పట్టుకోవడం వారి వృత్తిలో ఒక భాగం. మా వీధి మెకానిక్ చేసిన పని కూడా అదే కదా!

కొడుకు సైకిలు

1887లో డన్లప్ వయస్సు 47. ఆయన కొడుకుకు తొమ్మిది, పదేళ్ళుంటాయి. ఆ అబ్బాయికి ఒక మూడు చక్రాల సైకిలు ఉండేది. అప్పటి సైకిలు చక్రాలకు గట్టి రబ్బరు పట్టీయో, ఇనుమో ఉండేది. బెల్‌ఫాస్ట్ వీధుల్లో రాళ్ళు పరిచి ఉండేవి. ఆ రాళ్ళ మీద సైకిలు తొక్కితే ఒళ్ళంతా అదిరేది. కుదుపులకు కొడుకు పడుతున్న బాధ చూసి తండ్రి ఆలోచనలో పడ్డారు.

ఆయన ఇంజనీరు కాదు. కర్మాగారం లేదు. ఇంటి పెరట్లోనే పని మొదలుపెట్టారు. పల్చని రబ్బరు రేకును గొట్టంలా అతికించి, సుమారు 96 సెంటీమీటర్ల వెడల్పున్న ఒక గుండ్రటి చెక్క చక్రం చుట్టూ అమర్చి, గుడ్డతో కప్పి, గాలి నింపారు. తర్వాత కొడుకు సైకిలు నుంచి మామూలు చక్రం ఒకటి ఊడదీసి, రెండింటినీ పెరట్లో దొర్లించారు. మామూలు చక్రం కొంత దూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడు దాటి, గేటు స్తంభానికి తగిలి వెనక్కి ఎగిరింది.

దీనిలోని సైన్సు మన తరగతి పుస్తకాలతోనే అర్థమవుతుంది. గట్టి చక్రం రాయి ఎక్కితే బండి మొత్తం పైకి లేవాలి. మళ్ళీ దభాలున కిందపడాలి. ప్రతి రాయికీ కొంత శక్తి వృథా అవుతుంది. గాలి టైరు అయితే రాయి తగిలిన చోట మాత్రమే లోపలికి నొక్కుకుని, దాటగానే తిరిగి ఉబ్బుతుంది. బండి పెద్దగా లేవదు. అందుకే కుదుపూ తగ్గింది, దూరమూ పెరిగింది. డన్లప్ కొడుకు బాధ తగ్గించబోయి వేగాన్ని కూడా కనిపెట్టారు.

వెంటనే ఆయన సైకిలు వెనక చక్రాలు రెండింటికీ గాలి టైర్లు అమర్చారు. తర్వాత పెద్ద సైకిళ్ళకు ప్రయత్నించారు. 1888 డిసెంబరు 7న ఆయనకు పేటెంటు మంజూరయింది.

నవ్వినవాళ్ళే ఆశ్చర్యపోయారు

బెల్‌ఫాస్ట్ సైకిలు క్లబ్బులో విల్లీ హ్యూమ్ అనే యువకుడు ఉండేవాడు. గాలి టైర్ల సైకిలు కొన్న మొదటి వ్యక్తి అతనే. 1889 మే 18న బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీ క్రీడోత్సవాల్లో అతను ఆ సైకిలుతో బరిలోకి దిగాడు. లావుపాటి టైర్లు చూసి జనం నవ్వారు. అతను పాల్గొన్న నాలుగు పందాల్లోనూ గెలిచాడు. తర్వాత ఇంగ్లండ్ వెళ్ళి లివర్‌పూల్‌లో ఒక్కటి తప్ప అన్ని పందాలూ గెలుచుకున్నాడు.

బెల్‌ఫాస్ట్‌లో ఓడినవారిలో హార్వే డు క్రోస్ అనే వ్యాపారి కొడుకులు ఉన్నారు. డు క్రోస్ ఐర్లండ్ సైకిలిస్టుల సంఘానికి అధ్యక్షుడు. కొడుకులు ఓడారని ఆయన అలగలేదు. ఓడించిన టైరు ఏమిటో తెలుసుకున్నాడు. 1889 చివర్లో డబ్లిన్‌లో ఆయన నాయకత్వాన ఒక కంపెనీ ఏర్పడింది. డన్లప్ తన పేటెంటును దానికి అప్పగించి వాటాలు తీసుకున్నారు.

పేటెంటు పోయింది

మిత్రులారా! ఇక్కడే ఈ కథ పెద్ద మలుపు తిరిగింది. పేటెంటు వచ్చిన రెండేళ్ళకు, 1890లో, అది చెల్లదని డన్లప్‌కు అధికారికంగా తెలిపారు. ఎందుకంటే గాలి టైరును అంతకు 40 ఏళ్ళ ముందే మరొకరు కనిపెట్టారు! ఆయన కూడా స్కాట్లండ్ వారే. పేరు రాబర్ట్ విలియం థామ్సన్. 1822లో పుట్టిన థామ్సన్ 1846లో ఫ్రాన్సులో, 1847లో అమెరికాలో పేటెంట్లు పొందారు. లండన్‌లోని రీజెంట్స్ పార్కులో గుర్రపు బండ్లకు ఆ చక్రాలు తగిలించి నడిపి చూపించారు. కానీ అప్పటికి సైకిళ్ళ కాలం రాలేదు, మోటారు కార్లు పుట్టలేదు. ఆ పనికి సరిపడిన మంచి పల్చని రబ్బరు దొరకడమూ కష్టమే. జనం మరచిపోయారు. థామ్సన్ 1873లో కన్నుమూశారు. డన్లప్‌కు ఆయన సంగతి ఏమీ తెలియదు.

అయినా డన్లప్ కంపెనీ నిలబడింది. దానికి కారణం ఇతరుల తెలివిని కూడా కలుపుకోవడం. డన్లప్ మొదటి టైరును చక్రానికి అంటించేసేవారు. పంక్చర్ అయితే దాన్ని ఊడదీయడమే పెద్ద పని. వెల్చ్, బార్ట్‌లెట్ అనే ఇద్దరు 1890లో వేరువేరుగా, చక్రానికి పట్టుకుని ఉండి అవసరమైనప్పుడు ఊడివచ్చే టైర్ల పద్ధతులు కనిపెట్టారు. కంపెనీ ఆ హక్కులు కొన్నది. ఈ రోజు మన పంక్చర్ షాపులో ఇనుప కడ్డీతో టైరు విప్పి, అతుకు వేసి, మళ్ళీ ఎక్కిస్తున్నారంటే అది వాళ్ళ చలవే.

థామ్సన్‌కు ముందు ఇంకొకరు కూడా ఉన్నారు. అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్. మామూలు రబ్బరు ఎండకు కరిగి బంకలా అవుతుంది, చలికి బిగుసుకుని పగులుతుంది. దానిలో గంధకం కలిపి వేడి చేస్తే గట్టిపడి సాగుతుందని 1839లో ఆయన కనుగొన్నారు. అది లేకపోతే ఏ టైరూ లేదు. ఆయన మాత్రం 1860లో అప్పులతోనే చనిపోయారు. ఆయన పేరున్న టైర్ల కంపెనీ 1898లో వేరేవాళ్ళు పెట్టుకున్నది. ఒక టైరు వెనక ఎంతమంది ఉన్నారో చూడండి.

కారు ఎక్కిన టైరు

1895లో ఫ్రాన్సుకు చెందిన మిషలిన్ సోదరులు పారిస్ నుంచి బోర్డో వెళ్ళి తిరిగివచ్చే పందెంలో గాలి టైర్లతో కారు నడిపారు. దారి పొడవునా పంక్చర్లే. అయినా గాలి టైరు కారును మోయగలదని లోకానికి తెలిసింది. అదే సంవత్సరం డన్లప్ కంపెనీ నుంచి తప్పుకుని తన వాటాల్లో చాలా భాగం అమ్మేశారు. మరుసటి ఏడాది, 1896లో, ఆ కంపెనీ 30 లక్షల పౌండ్లకు చేతులు మారింది. పేరు డన్లప్‌ది, లాభం ఇతరులది. ఆయనకు దక్కింది స్వల్పమే.

టైర్ల గిరాకీ పెరగడంతో రబ్బరుకు గిరాకీ పెరిగింది. దాని మూల్యం పేదలు చెల్లించారు. ఆఫ్రికాలోని కాంగోలో బెల్జియం రాజు లియోపోల్డ్ పాలనలో రబ్బరు పాలు తీసే ప్రజలను చిత్రహింసలు పెట్టారు. రోజర్ కేస్‌మెంట్ అనే ఐరిష్ అధికారి 1904 నాటి నివేదికలో ఆ ఘోరాలను బయటపెట్టాడు. మలయా రబ్బరు తోటలకు మన తెలుగు కూలీలు కూడా ఓడలెక్కి వెళ్ళారు. వారి సంతతి ఇప్పటికీ మలేసియాలో ఉన్నారు. కనుక టైరు ధర అంటే అంగడిలో ఇచ్చే రూపాయలే కాదు.

మన నల్లరేగడిలోకి టైరు

మన దేశంలో 1936లో పశ్చిమ బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్లప్ టైర్ల కర్మాగారం మొదలైంది. దశాబ్దాల పాటు వేల కుటుంబాలకు అన్నం పెట్టిన ఆ కర్మాగారం 2011లో మూతపడింది. కానీ టైరు మాత్రం మన పల్లెల్లో స్థిరపడిపోయింది.

మా తాతకు చెక్క చక్రాల బండి తెలుసు. చక్రం చుట్టూ ఇనుప పట్టా ఉండేది. వాన పడిన నల్లరేగడిలో సన్నటి ఇనుప పట్టా కోసుకుంటూ దిగిపోయేది. ఎడ్లు మోకాళ్ళ మీద కూలబడేవట. టైరు బండి వచ్చాక అవే ఎడ్లు ఎక్కువ మిర్చి టిక్కీలు, ఎక్కువ పత్తి బోరెలు తేలికగా లాగాయి. వెడల్పుగా ఉన్న గాలి టైరు బరువును ఎక్కువ నేల మీద పంచుతుంది కాబట్టి అంతగా దిగదు. ఒక పశువైద్యుడు కొడుకు కోసం చేసిన పని చివరకు మన ఎడ్ల మెడలకు కూడా మేలు చేసింది!

కొత్త టైరు కొనేటప్పుడు

ఈ జీవిత చరిత్ర చదివాక నేను, నాన్న కలిసి టైర్ల షాపుకు వెళ్ళాం. మన మిత్రుల్లో రేపు చాలామంది డ్రైవర్లు, మెకానిక్‌లు, ఇంజనీర్లు అవుతారు. అందుకే నేర్చుకున్నది రాస్తున్నాను.

టైరు పక్క గోడ మీద దాని జాతకం అంతా రాసి ఉంటుంది. ఉదాహరణకు 165/80 ఆర్14 85టి అని ఉంటే, 165 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం. ఆర్ అంటే రేడియల్ రకం. దీనికి మిషలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకుంది. 14 అంటే రిమ్ము కొలత అంగుళాల్లో. 85 అంటే ఒక టైరు మోయగల బరువు 515 కిలోలు. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. కారు కంపెనీ చెప్పిన కొలతే కొనాలి. బరువు అంకె అంతకంటే తక్కువ ఉన్నది, చవకగా వచ్చినా తీసుకోకూడదు.

అక్కడే నాలుగు అంకెలు ఉంటాయి. 3523 అని ఉంటే 2023వ సంవత్సరం 35వ వారంలో తయారైందని అర్థం. అంగడిలో ఏళ్ళ తరబడి పడి ఉన్న టైరును కొత్తదనుకుని కొనవద్దు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఇక గీతల అడుగున చిన్న గట్లు కనిపిస్తాయి. అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి. అరిగి అరిగి టైరు పైభాగం ఆ గట్లతో సమానమైతే టైరు మార్చవలసిందే. నున్నటి టైరు వాన నీటిని పక్కలకు తోయలేదు. బ్రేకు వేసినా బండి జారుతుంది.

ధర విషయంలో మన హాస్టల్ లెక్కల మాస్టారు నేర్పిన పద్ధతే పనికొచ్చింది. ఒక టైరు 4,000 రూపాయలు, 30,000 కిలోమీటర్లు నడుస్తుంది అనుకుందాం. ఇంకొకటి 5,000 రూపాయలు, 45,000 కిలోమీటర్లు నడుస్తుంది అనుకుందాం. నాలుగు టైర్లకు లెక్కేస్తే మొదటి దానికి కిలోమీటరుకు సుమారు 53 పైసలు, రెండో దానికి 44 పైసలు పడుతుంది. చవకది ఖరీదైనదని తేలింది కదా! బేరమాడేటప్పుడు టైరు ధర ఒక్కటే అడగకుండా పన్ను, బిగింపు, కొత్త వాల్వు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అన్నీ కలిపి ఎంతో అడగాలి. కారు టైర్ల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు తీసుకుంటే అది కనబడుతుంది. రెండే టైర్లు కొంటే కొత్తవి వెనక చక్రాలకు వేయడం క్షేమమని నిపుణులు చెబుతారు. వెనక టైర్లు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది.

వంకర నడక

అలైన్‌మెంట్ అంటే చక్రాలన్నీ సరైన దిశలో, సరైన వాలులో ఉండేలా సరిచేయడం. కాడికి కట్టిన రెండు ఎడ్లు చెరో పక్కకు లాగితే బండి ఏమవుతుంది? కారు కూడా అంతే. ఒక చక్రం ఒక్క డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కిలోమీటరు నడిచేసరికి టైరును సుమారు 17 మీటర్లు అడ్డంగా ఈడ్చినట్టే. ఇది త్రికోణమితి లెక్క, మీరే చేసి చూడండి. గుంటలో చక్రం గట్టిగా పడ్డప్పుడు, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతున్నప్పుడు, కొత్త టైర్లు వేసినప్పుడు దీన్ని చూపించాలి. బ్యాలెన్సింగ్ వేరు. చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా రిమ్ముకు చిన్న బరువులు తగిలించడం అది. వేగంలో స్టీరింగ్ వణికితే దాని లోపం కావచ్చు.

అరుగుదలే మనకు జవాబు చెబుతుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ లోపం. మా కారు చెప్పింది అదే. మేమే వినలేదు.

చివరి రోజులు

కంపెనీ వదిలాక డన్లప్ డబ్లిన్‌లో నివసించారు. బట్టల వ్యాపార సంస్థలో వాటా ఉండేది. తన పేరు కార్లు, లారీలు, విమానాల చక్రాల మీద లోకమంతా తిరుగుతుంటే ఆయన సాదాగా బతికారు. 1921 అక్టోబరు 23న 81వ ఏట డబ్లిన్‌లో మరణించారు. గాలి టైరు చరిత్ర గురించి ఆయన రాసి ఉంచినదాన్ని తర్వాత కూతురు పుస్తకంగా తెచ్చింది. ఉత్తర ఐర్లండ్‌లోని ఒక బ్యాంకు తన 10 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ ముద్రించింది.

మనం నేర్చుకోవలసింది

గాలి టైరును మొదట ఊహించింది డన్లప్ కాదు. ఆ సంగతి దాచవలసిన పని లేదు. కానీ థామ్సన్ ఆలోచన కాగితాల్లో నిద్రపోయింది. డన్లప్ ఆలోచన వీధిలోకి వచ్చి నిలిచింది. ఎదుట ఉన్న పిల్లవాడి బాధను ఆయన చూశారు, చేతులతో చేశారు, దొర్లించి పరీక్షించారు. పెద్ద ప్రయోగశాల లేదని ఆగలేదు. మనకూ లేదు. కానీ మనకూ కళ్ళు, చేతులు ఉన్నాయి.

నాన్న ఈసారి టైర్లతో పాటు అలైన్‌మెంట్ కూడా చేయించారు. అక్క ఫీజు రెండు విడతలుగా కట్టాం. ప్రతి ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు టైర్ల అంచులు తడిమి చూశావా నాన్నా అని అడుగుతాను. చూశానని ఆయన నవ్వుతూ చెబుతారు. ఇంతవరకు రెండు పక్కలా సమానంగానే ఉన్నాయి.